తాకుతెర యాటలును పసిబిడ్డల చేతులును

(విశ్వబ్రాహ్మణ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)

   

ఈ మహాసభయందు విద్యను గూర్చియు, వృత్తులను గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు పెద్దలు విపులముగా ప్రసంగించిరి. మాకు నిర్ణయింపబడిన విషయము పైకి మిక్కిలి చిన్నదిగా దోచును. ఇంకను మాటలు రాని బిడ్డ చేతికి మనమిచ్చు సెల్ ఫోనునందలి యాటలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. బడికి పోవు బిడ్డల చదువును గూర్చి మన సభలు తీర్మానములు చేయుచునే యున్నవి. బడికి పోకముందు, మొదటి మూడేండ్లలో, బిడ్డ యేమి నేర్చుచున్నదో, యెవరివలన నేర్చుచున్నదో విచారించుట మాత్ర మరుదు. భవనమునకు పునాది కంటికి కనబడదు. కనబడనంతమాత్రమున దానిని విడిచి గోడ లేపు స్థపతి మన కులమునందు పుట్టలేదు. కావున నీ విషయము చిన్నది కాదని మనవిచేయుచు ప్రారంభించుచున్నాము.

మొదట నీ యాట లెట్టివో చెప్పుదుము. తెరమీద బుడగలు పైకి తేలుచుండును. బిడ్డ వ్రేలు తగిలినంతనే ఒక్కొక్క బుడగ టప్పున పగులును. పశువుల కొట్టము కనబడును. తలుపు తాకగానే ఆవు తొంగిచూచి అంబా యనును, మఱల తాకగా మేక వచ్చును. రంగురంగుల మెట్లు గల చిన్న వాద్యము కనబడును. ఎచ్చట తాకినను ఒక స్వరము పలుకును. వీనిలో గెలుపు లేదు, ఓటమి లేదు, చదువవలసిన యక్షరము లేదు. తాకుట యొక్కటియే విద్య. ఇట్టి చిన్న కల్పనలను యాప్‌ లందురు. టచ్‌స్క్రీన్ అను తెరను మేము తాకుతెర యని వ్యవహరింతుము.

ఇంత లేతచేతికి నీ యంత్ర మెట్లు లొంగెనో తెలిసికొనుట మనవంటి పనివారి కవసరము. ఈ గాజు క్రింద కంటికి కనబడని సన్నని విద్యుద్వాహకపు పొర యుండును. మానవదేహముగూడ విద్యుద్వాహకమే గావున, వ్రేలు సోకినచోట విద్యుదావేశము స్వల్పముగా మాఱును. ఆ మార్పును బట్టి యంత్రము తాకినచోటును గుర్తించును. మీట నొక్కు బలము గాని, కలము పట్టు నేర్పు గాని యక్కఱలేదు. ఇంగ్లండునందలి మాల్వర్న్ రాడార్ పరిశోధనాలయమున ఇ. ఎ. జాన్సన్ అను శాస్త్రజ్ఞుడు 1965లో నిట్టి తెరను వర్ణించెను. విమానముల రాకపోకలను నియమించువారికి ఉపయోగపడునని యాతని తలంపు. ఐఫోను 2007లోను, యాప్‌ల యంగడి 2008లోను, పలకవంటి ఐప్యాడు 2010లోను వచ్చెను. విమానాశ్రయపు టుద్యోగికని తలంచిన సాధనము అర్ధశతాబ్దము గడవకముందే ఊయలలోని బిడ్డ చేతికి వచ్చినది. ఎవరును శిశువును మనస్సునందుంచుకొని దీనిని కనిపెట్టలేదు. బలము వలదు, నేర్పు వలదు అను గుణమే దీనిని శిశువునకు సులభము చేసినది. ఆ గుణమే మా విచారమునకును కారణము.

మన కులము పంచవృత్తుల కులము. కమ్మరము, వడ్రంగము, కంచరము, శిల్పము, స్వర్ణకారము—ఈ యైదును చేతిమీద నిలిచినవి. ఇనుము ఎంత యెఱ్ఱబాఱిన సమ్మెట వేయవలయునో, చిత్రిక క్రింద చెక్క యే వైపునకు లేచునో, కుంపటిమీద బంగార మే క్షణమున కరగునో గ్రంథమువలన వచ్చు జ్ఞానము కాదు. పదార్థము ఎదురు తిరుగును. చేయి దానికి లొంగి, దానిని లొంగదీసికొని నేర్చును. శిశువు నేర్చు విధమును ఇదియే. గిలకను పట్టబోవును, జాఱును, మఱల పట్టును. చెంబు నెత్తబోవును, బరువు తెలియును. దిమ్మెమీద దిమ్మె పెట్టును, కూలును. కూలినందులకే నవ్వి మఱల పెట్టును. బరువు, నునుపు, గరుకు, చల్లదనము, అంచు, లోతు—ఇవి యన్నియు బిడ్డకు తొలి పాఠములు. తాకుతెరమీద ఆవును తాకినను, నిప్పును తాకినను, నీటిని తాకినను వ్రేలికి తగులునది ఒకే గాజు. బుడగను ఎట్లు తాకినను పగులును. పొరపాటు చేయుటకు చోటు లేనిచోట దిద్దుకొనుటకును చోటులేదు.

డాక్టర్ మారియా మాంటిస్సోరి 1939లో మదరాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చిన సంగతి పెద్దలకు తెలిసినదే. ఆమె పద్ధతియందు, పిడులు గల పది కొయ్య స్తంభము లొక దిమ్మెలోని పది గుంటలలో నుండును. ఏ స్తంభము దాని గుంటయందే సరిగా కూర్చుండును. తప్పుగా పెట్టినచో మిగిలిన స్తంభము మిగిలిన గుంటలో సరిపడదు. తప్పును చెప్పుటకు పంతులమ్మ పిలువబడదు, కొయ్యయే చెప్పును. మన వడ్రంగికి ఉలియు చెక్కయు చేయు బోధనయే శిశువునకు నీ దిమ్మె చేయుచున్నది. బుడగలు పగులగొట్టు యాప్ ఏ తప్పును చెప్పదు. సదా మెచ్చుకొనుచునే యుండును.

ఇంతమాత్రమున తాకుతెరయందు గుణమే లేదనుట న్యాయము కాదు. బ్రిటనునందు 715 కుటుంబములనుండి సేకరించిన సమాధానములను పరిశీలించి 2016లో ప్రకటించిన వ్యాసమున, తెరను వ్రేలితో జరుపుట ముందుగా నేర్చిన చిన్నబిడ్డలు దిమ్మెలు పేర్చుటవంటి సన్నని చేతిపనులనుగూడ ముందుగా నేర్చినట్లు కనబడెను. ఒకటి రెండవదానికి కారణమని దానివలన తేలదు. చుఱుకైన చేతులు గల బిడ్డ రెంటిని ముందుగా నేర్చియుండవచ్చును. ఐనను వ్రేలు కదపిన ప్రతి బిడ్డయు చెడిపోవునని భయపెట్టుటకు ఆధారము లేదని యొప్పుకొనవలయును. ఆ కుటుంబములనుండియే 2017లో వెలువడిన రెండవ వ్యాసము నిద్రను గూర్చినది. దినమునకు తాకుతెరతో గడపు ఒక్కొక్క గంటకు బిడ్డ మొత్తపు నిద్ర సుమారు 16 నిమిషములు తక్కువగా నున్నట్లు కనబడెను. పసిబిడ్డకు నిద్రయే పుష్టి యని మన యవ్వలు చెప్పుమాటను దీనితో సరిపోల్చి చూడుడు.

ఇక మాటల సంగతి. అమెరికాదేశమున సియాటిల్ నగరమందలి విశ్వవిద్యాలయమున పట్రీషియా కూల్ అను విదుషీమణి 2003లో నొక పరీక్షను ప్రకటించెను. ఇంగ్లీషు మాటాడు ఇండ్లలోని తొమ్మిది నెలల బిడ్డల నెన్నుకొని, కొందఱియెదుట చీనాభాష మాటాడు మనుష్యులను కూర్చుండబెట్టి, పండ్రెండు పర్యాయములు బొమ్మలతో నాడించి కథలు చదివించిరి. మఱికొందఱికి ఆ మనుష్యులనే, ఆ మాటలనే తెరమీద చూపిరి. పిమ్మట పరీక్షింపగా, మనుష్యులతో నాడిన బిడ్డలు చీనాభాషయందలి ధ్వనిభేదమును చక్కగా గుర్తించిరి. తెరను చూచినవారు, ఆ భాషను విననివారికన్న నధికముగా నేమియు నేర్చియుండలేదు. మాట ఒకటే, గొంతు ఒకటే, ముఖము ఒకటే. ఎదుట మనిషి యున్నాడా లేడా యనుటయే భేదము.

యాప్ కూడ తాకినప్పుడు బదులిచ్చునుగదా యని కొంద ఱడుగవచ్చును. ఇచ్చును, కాని యెవరు తాకినను ఆ బదులే యిచ్చును. బిడ్డ ఆవును చూపి "అం" అన్నప్పుడు అమ్మమ్మ "అవునురా, అంబా! మన గౌరావు పాలిచ్చిందిగా, నీవు త్రాగితివిగా!" యనును. బిడ్డ చూపు కాకిమీదికి పోయినచో అవ్వ మాటయు కాకిమీదికి పోవును. యాప్‌లోని ఆవు మఱల అంబా యనును. తెనుగున పిలుపులు, వరుసలు, ముద్దుమాటలు, గద్దింపులు—ఇవి యెవరినో ఒకరిని చూచి పుట్టునవి, ఒడిలేనిచోట పుట్టవు. మన పిల్లలు ఇంగ్లీషు బడికి పోకముందు తెనుగు నిండుగా వినుటకు దొరకు కాల మీ మూడేండ్లే. ఆ కాలమును ఇంగ్లీషున మెచ్చుకొను ఫోనునకు ధారపోసి, పదియవయేట "మావాడికి తెనుగు రాదండీ" యని వాపోవుట న్యాయమా?

ఇచ్చట విదేశములందున్న మన కుటుంబములకు ఊఱట గలిగించు మాట యొకటి కలదు. 2014లో ప్రకటింపబడిన మఱియొక పరీక్షలో, రెండేండ్లు దాటిన బిడ్డలు ముందుగా పట్టియుంచిన చిత్రమువలన నేర్వని క్రియాపదములను, ఎదుటివారు అప్పటికప్పుడు బదులుపలుకు వీడియో సంభాషణవలన నేర్వగలిగిరి. కావున డల్లాసునందలి మనుమరాలితో మండపేటనుండి తాత ప్రతిదినము మాటాడుట దోషము కాదు. అచ్చట తెర యడ్డుగోడ కాదు, కిటికీ. వైద్యులు గూడ దీనిని విడిగా లెక్కించినారు.

వైద్యుల మాట యేమనగా: అమెరికాదేశపు శిశువైద్య పరిషత్తు 2016లో, పదునెనిమిది నెలలలోపు బిడ్డలకు వీడియో సంభాషణ తప్ప మఱియే తెరయు వలదని చెప్పెను. ప్రపంచారోగ్యసంస్థ 2019లో, ఏడాదిలోపు బిడ్డలకును ఏడాది బిడ్డలకును తెర వలదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు గంటకు మించరాదనియు, ఎంత తగ్గిన నంత మేలనియు ప్రకటించెను. భారత శిశువైద్య పరిషత్తు 2022లో ప్రకటించిన సూత్రములుగూడ, బంధువులతో వీడియో సంభాషణ తప్ప రెండేండ్లలోపు తెర కూడదనియు, రెండు మొదలు ఐదేండ్లవరకు పెద్దల పర్యవేక్షణమున గంటకు మించరాదనియు చెప్పుచున్నవి. మూడు సంస్థల మాటలును ఇంచుమించుగ నొక్కటియే యగుట గమనింపదగినది.

ఈ యాటల వర్తకమును గూర్చియు చెప్పవలసియున్నది. అమెరికాదేశమున ఐదేండ్లలోపు పిల్లలకొఱకు చేసిన, వారు వాడు 135 యాప్‌లను పరిశోధకులు పరీక్షించి 2018లో ఫలితములు ప్రకటించిరి. నూటికి 95 వంతులలో ఏదో యొక రూపమున ప్రకటన యుండెను. చదువురాని బిడ్డకు ఆట యేదో యంగడి యేదో తెలియునా? బుడగను పగులగొట్టిన వ్రేలే కొనుగోలు మీటను నొక్కును. తల్లిదండ్రుల యనుమతి లేకయే పిల్లలు యాప్‌లలో గావించిన కొనుగోళ్ళకుగాను, అమెరికా ప్రభుత్వపు వర్తకసంఘము చేసిన యేర్పాటు ననుసరించి 2014లో ఆపిల్ సంస్థ కనీసము 3 కోట్ల 25 లక్షల డాలర్లును, గూగుల్ సంస్థ కనీసము 1 కోటి 90 లక్షల డాలర్లును తిరిగి చెల్లించుటకు ఒప్పుకొనవలసివచ్చెను. ఉచితమన్న యాటకు వెల యెచ్చటనో ఒకచోట కట్టియే తీరవలయును. అది బిడ్డ చూపుతో కట్టబడుచున్నచో అంతకన్న ప్రియమైన వెల లేదు.

ఇంత చెప్పుచున్నను మేము తల్లులను నిందించుటకు నిలువలేదు. పూర్వము ఇంట ముత్తవ్వ, అవ్వ, పిన్నమ్మ, మేనత్త యుండెడివారు. ఒకరు వంట చేయగా నొకరు బిడ్డ నెత్తుకొనెడివారు. నేడు హైదరాబాదు, బెంగుళూరు నగరములలో మూడవ యంతస్తునందు తల్లి యొక్కతె, పొయ్యిమీద కూర, చేత ఉద్యోగపు పిలుపు, కాళ్ళకు చుట్టుకొన్న బిడ్డ. ఆమె ఫోను నిచ్చుట సోమరితనము కాదు, దిక్కులేనితనము. ఆమెను మందలించు పెద్దలు ఒక్క గంట బిడ్డ నెత్తుకొన్నచో ఉపన్యాసము లక్కఱలేదు. తండ్రులకును ఈ మాట వర్తించును. బిడ్డ యెదుట తాను రాత్రి పది గంటలవరకు ఫోను చూచుచు, బిడ్డ ఫోను నడిగెనని విసుగుకొనుట తగదు.

ఇక కర్తవ్యమును గూర్చి.

మొదటిది, రెండేండ్లు నిండువఱకు బంధువులతో మాటాడుటకు దప్ప బిడ్డ చేతికి తాకుతెర నీయరాదు. అన్నముతినునప్పుడు అసలే కూడదు. ఫోను చూచుచు మింగు బిడ్డకు రుచియు తెలియదు, కడుపు నిండుటయు తెలియదు. చందమామను చూపి గోరుముద్దలు పెట్టు పద్ధతి మనకు కొత్తగా నేర్పవలసినది కాదు.

రెండవది, రెండేండ్లు దాటిన పిదప ఇచ్చినచో ఒడిలో కూర్చుండబెట్టుకొని యీయవలయును. ప్రకటనలు లేనిదియు, లోపల కొనుగోళ్ళు లేనిదియు, ఇంటర్నెట్టు లేకున్నను నడచునదియు, నిదానముగా సాగునదియు నగు యాప్‌ను పెద్దలు ముందు తామాడి చూచి యెన్నుకొనవలయును. ఖాన్ అకాడమీ 2018లో వెలువరించిన పిల్లల యాప్‌వలె ప్రకటనలు లేక ఉచితముగా లభించునవి కలవు. బిడ్డ ఒక యాటనుండి వేఱొకచోటికి జాఱిపోకుండ తెరను బంధించు సాధనము ఐఫోనునందు 2012 మొదలు గైడెడ్ యాక్సెస్ అను పేరను, ఆండ్రాయిడ్ ఫోనులందు 2014 మొదలు పిన్నింగ్ అను పేరను ఉన్నది. దీనిని నేర్చుకొనుట కైదు నిమిషములు చాలును. తెరమీద పిల్లిని చూచినపిమ్మట వాకిట పిల్లిని చూపవలయును.

మూడవది, వలదనిన వస్తువునకు బదులు వస్తువు నీయవలయును. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకయందు అంకుడు కొయ్యను తరిమెనపట్టి లక్కరంగు లద్దిన గిలకలు, బొంగరములు, లక్కపిడతలు నేటికిని చేయుచున్నారు. అచ్చటి సి. వి. రాజుగారు చెట్లనుండియు విత్తులనుండియు తీసిన రంగులను మఱల వాడుకలోనికి దెచ్చి 2023లో పద్మశ్రీ పురస్కారము నందిరి. బిడ్డ ప్రతిదానిని నోటబెట్టుకొనును గావున రంగు సంగతి చిన్నది కాదు. కొండపల్లియందు ఆర్యక్షత్రియ శిల్పులు తెల్లపొణికి కొయ్యతో బొమ్మలు చేయుచున్నారు. ఆ సున్నితపు బొమ్మలు కొంచెము పెద్ద పిల్లలకు తగును. వీరు మన కులమువారు కాకపోవచ్చును. పనిముట్టు పట్టినవారందఱు మనకు సోదరులే. మన వడ్రంగులకును ఇది వృత్తిమార్గము. అంచులు నునుపుచేసిన దిమ్మెలు, గుంటలలో నమరు కొయ్యముక్కలు, పట్టుకొని నడచుటకు మూడుచక్రముల బండి—ఇవి చేయుటకు గొప్ప యంత్రము లక్కఱలేదు. గొంతున చిక్కుకొను చిన్న ముక్కలు మాత్ర ముండరాదు. మిగిలిపోయిన టేకుముక్కలతో తండ్రి స్వయముగా చేసిన దిమ్మెలకు మించిన కానుక బిడ్డకు లేదు.

నాల్గవది, మన యువకు లనేకులు నేడు ఉలి విడిచి కంప్యూటరు పట్టినారు. వారిని మేము పరాయివారిగా జూడము. అదియు నిర్మాణమే, విశ్వకర్మ సంతతికి తగినదే. వారు కొందఱు కూడి, రెండేండ్లు దాటిన తెనుగు బిడ్డలకొఱకు ఒక చిన్న యాప్‌ను చేయుదురుగాక. అందు ప్రకటన యుండరాదు, కొనుగోలుండరాదు, బిడ్డ వివరములు సేకరింపరాదు. దాగలి మీద సమ్మెట చప్పుడు, తిత్తి యూపిరి, రంపపు కోత, గుడిగంట—వీని ధ్వనులుండవలయును; ఒక్కొక్కదానిపిమ్మట "తాతను అడిగి చూడుము" అని తెనుగున పలికి ఆగవలయును. పది నిమిషములకు దానంతట నది మూతపడవలయును. బిడ్డను తనవద్ద నుంచుకొనుటకు గాక మనుష్యులయొద్దకు పంపుటకు చేసిన యాప్ అదియగును.

పోషక మహాశయులకు మా విన్నప మొక్కటి. కల్యాణమండపములకును విగ్రహములకును మీరిచ్చిన విరాళములు కంటికి కనబడుచున్నవి. మన సంఘభవనములందు ఒక్కొక్క గదిని కొయ్యబొమ్మలతో నింపి, వారమునకు రెండుమూడు దినములు పసిబిడ్డలకును వారి తల్లులకును అవ్వలకును తెఱచియుంచుటకు సహాయము చేయుడు. ఒంటరిగా నున్న తల్లికి ఒక్క పూట తోడు దొరకిన, ఆ పూట ఫోను దానంతట నదియే ప్రక్కకు పోవును. బొమ్మలు చేసిన వడ్రంగికి కూలి దొరకును. వృద్ధులకు పని దొరకును. బిడ్డకు మాట దొరకును. ఒక ద్రవ్యముతో మూడు కార్యములు నెఱవేఱుట యరుదు.

సోదరులారా! మన పూర్వులు బిడ్డ చేతికి పనిముట్టు నిచ్చుటకు ముందు సుముహూర్తము చూచి, గురువునకు మ్రొక్కించి యిచ్చిరి. చేతికి వచ్చిన వస్తువు మనుష్యుని తీర్చును అని వారెఱుగుదురు. నేడు మనము బిడ్డ చేతి కిచ్చుచున్న యీ గాజుపలక చెడ్డది కాదు. కాని మొదటిది కారాదు. ముందు మనిషి చేయి, పిమ్మట కొయ్య, మన్ను, నీరు. ఆ పిమ్మటనే గాజు. ఈ వరుస తప్పకుండుటకు మహాసభవారు తీర్మానము గావింతురుగాక యని ప్రార్థించుచున్నాము.

స్వస్తి.